కథానాయిక డిక్కీలో జాకీ

మన నవలల్లో కార్లకి పంక్చర్లు పడే తీరు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పట్టపగలు పెట్రోలు బంకు పక్కన ఒక్క టైరంటే ఒక్క టైరూ పోదు. సాయంకాలం ఆరు దాటాలి. సన్నగా చినుకులు పడాలి. చుట్టుపక్కల ఇల్లూ వాకిలీ వుండకూడదు. కథానాయిక ఒంటరిగా వుండాలి, కట్టుకున్నది తెల్లచీర అయితే మరీ మంచిది. అప్పుడు టైరు తుస్సుమంటుంది. ఆమె దిగి టైరుని చూసి, ఆకాశాన్ని చూసి, పెదవి కొరుక్కుంటుంది. రెండో పేరాలో హెడ్‌లైట్ల వెలుగు. మూడో పేరాలో ఆరడుగుల మనిషి చొక్కా చేతులు మడుచుకుంటూ దిగుతాడు. నాలుగో పేరాకి కారు తయారు!

మూడో పేరాకీ నాలుగో పేరాకీ మధ్య ఏం జరిగిందన్నది మాత్రం ఎవరూ రాయరు. మా అమ్మ వారపత్రికల్లోంచి చింపి, దారంతో కుట్టి, అట్టలు వేయించి దాచుకున్న సీరియళ్లు ఒక ట్రంకుపెట్టె నిండా వుండేవి. బి.ఏ. చదివే రోజుల్లో అవన్నీ చదివాను. అందులో ఎన్ని పంక్చర్లు పడ్డాయో లెక్కలేదు. ఎన్ని జాకీలు కనిపించాయంటే మాత్రం లెక్క తేలికే. ఒక్కటీ లేదు.

విమర్శ అనగానే పెద్ద పెద్ద మాటలు వాడతారేమోనని జడుసుకోకండి. నా విమర్శంతా ఒక్క ప్రశ్నలో వుంది: అమ్మా, ఆ కారులో జాకీ ఎక్కడుంది?

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ రోజుల రచయిత్రుల తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. ముక్కూమొహం తెలియని ఆడామగా నిలబడి నాలుగు మాటలు మాట్లాడుకోవాలంటే ఒక సాకు కావలసిన కాలం అది. ఫియట్టో అంబాసిడరో నడిపే ఆడపిల్లే అపురూపం. అందుకని పంక్చరు ఆ కథల్లో పెళ్లిళ్ల పేరయ్య పని చేసింది. కట్నం ప్రసక్తి లేకుండా ఇద్దర్నీ కలిపిన పేరయ్యని ఎవరు తిడతారు?

కానీ అంబాసిడరు తయారీ 2014లోనే ఆగిపోయింది. ఆ సన్నివేశం తయారీ మాత్రం ఆగలేదు. ఇప్పటి కథలో నాయిక బ్యాంకులో మేనేజరు, నాలుగు వందల కిలోమీటర్లు ఒంటరిగా నడిపేస్తుంది. అయినా టైరు పోగానే ఫోను చెవికి ఆనించుకుని రోడ్డు వంక చూస్తూ నిలబడుతుంది. ఫోను తప్పిస్తే వాళ్లమ్మ చదివిన సీరియల్లో అమ్మాయే! సినిమాల్లోనైతే హీరో వుత్త చేతుల్తోనే కారెత్తేస్తాడు కనుక జాకీ ఖర్చు కూడా నిర్మాతకి మిగిలింది.

నవ్వకండి, ఇది నవ్వులాట కాదు. నవల చదివి జాకీ తిప్పడం ఎవరూ నేర్చుకోరు, నిజమే. “అది నా పని కాదు” అనడం మాత్రం బాగానే నేర్చుకుంటారు. మగపిల్లలకి ఇంకో పాఠం దొరుకుతుంది: చొక్కా చేతులు మడిస్తే చాలు, పని దానంతటదే అవుతుందని. ఈ ఇద్దరూ రాత్రిపూట జాతీయ రహదారి పక్కన, లారీలు గాలి విసురుతూ పోతుండగా, టన్ను బరువున్న కారు కింద తలా చెయ్యీ పెడతారు. అప్పుడు తెలియనితనానికి కట్టే ధర ప్రాణమే.

మా అత్తవారి వూరు నంద్యాల. అక్కడినుంచి ఆళ్లగడ్డ పోయే రోడ్డు నాకు కంఠతా వచ్చు. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, కడప మీదుగా పోయే 40వ నంబరు జాతీయ రహదారి అది. 2010లో నంబర్లు మార్చకముందు 18. రోడ్డు ఇప్పుడు నున్నగా, వెడల్పుగా వుంది. తారు దిగి అడుగు పక్కకి వేస్తే మాత్రం నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి పట్టేంత పగుళ్లిస్తుంది. వాన పడితే వుబ్బి, చెప్పుని పీకి తనదగ్గరే వుంచుకుంటుంది. ఈ నేల మీద జాకీ ఎలా నిలబడుతుందో ఆలోచించని రచయిత పంక్చరు సన్నివేశం ఇక్కడ పెట్టకూడదని నా అభిప్రాయం.

ఒక కార్తీకమాసంలో మా చిన్నత్తని అహోబిలం తీసుకెళుతున్నాను. శిరివెళ్ల దాటాక వెనక ఎడమవైపు టైరు పోయింది. “ఎవురన్నా మగోళ్లు వస్తారేమో సూడమ్మా” అంది అత్త. కథలో అయితే వచ్చి తీరాలి కదా! వచ్చాడు, అరవై ఏళ్ల రైతు. భుజాన తువ్వాలు, చేతిలో పార. నేను డిక్కీలోంచి జాకీ తీస్తుంటే దూరం నుంచే కేకేశాడు.

“అమ్మా, ఆడ అట్లే పెట్టొద్దు. రేగడి నేల, జాకీ దిగబడతాది. కింద పలకేదన్నా ఎయ్యి.”

“వుంది పెద్దాయనా” అని స్టెప్నీ పక్కనుంచి చెక్క పలక తీసి చూపించాను. జానెడు వెడల్పు, రెండంగుళాల మందం. ఆయన దాన్నీ నన్నూ చూసి, “అట్లయితే నీకు తెలుసులే” అని కల్వర్టు గట్టు మీద కూర్చున్నాడు. అంతకు మించిన ప్రశంస నా నవలలకి కూడా ఇంతవరకు రాలేదు.

తర్వాత మోటారు సైకిలు మీద ఒక కుర్రాడు ఆగాడు. “జరగండి మేడం, నేను చేస్తా” అన్నాడు. “బాబూ, ఆ ఎర్ర త్రికోణం తీసుకెళ్లి వెనక యాభై మీటర్ల దూరాన పెట్టిరా, లారీవాళ్లకి కనబడాలి” అన్నాను. పెట్టి వచ్చి, పక్కన గొంతుక్కూర్చుని, మొత్తం చూశాడు. నట్టుల్ని జాకీ ఎక్కించకముందే, చక్రం నేలమీద వుండగానే అరచుట్టు వదులు చెయ్యాలని, బండి లేచాక పానా మీద బలం పెడితే బండే కదులుతుందని అతనికి ఆరోజు తెలిసింది. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వెనక చక్రం ఒకటి గాలిలో వుంటే సగం పట్టు పోయినట్టే. అందుకే ఎదుటి మూల ముందు చక్రానికి రాళ్లు అడ్డం పెట్టించాను. మళ్లీ బిగించేటప్పుడు వరసగా కాకుండా ఒకదానికెదురుగా ఇంకొకటి బిగించాలని కూడా చూశాడు. మొత్తం పాతిక నిమిషాలు పట్టింది. మా అత్త మాత్రం, “మీ మామ వుండుంటే పిలకాయల్ని పిలిపించేటోడు” అని నిట్టూర్చింది.

ఆళ్లగడ్డ చేరాక రోడ్డు పక్క శిల్పుల కొట్టాల దగ్గర ఆగాం. సగం చెక్కిన దేవుళ్లు వరసగా నిలబడి వున్నారు. ప్రతి విగ్రహానికీ కింద పీఠం వుంది. బరువెంత పెరిగితే పీఠం అంత వెడల్పు. జాకీ కింద పలక కూడా అంతే! బరువు పైన వున్నా, నమ్మకం మాత్రం కింద వుండాలి. ఈ సంగతి మన శిల్పులకి తెలుసు, ఆ రైతుకి తెలుసు, మన నవలల్లో ఆరడుగుల మనిషికే తెలియదు.

సరే, రచయితలకి పనికొస్తుందని జాకీల్ని పాత్రలుగా పరిచయం చేస్తాను. పాఠకులకి పనికొస్తే మరీ సంతోషం.

మొదటిది కత్తెర జాకీ. చాలా కార్లతో పాటు కంపెనీవాళ్లు ఇచ్చేది ఇదే. మధ్యలో మరతాడు, దాన్ని తిప్పేకొద్దీ నాలుగు చేతులూ దగ్గరకొచ్చి పైకి లేస్తుంది. సన్నగా ముడుచుకుంటుంది, నూనె కారదు, ధర తక్కువ. మధ్యతరగతి ఇంటి కోడలు లాంటిది: ఎక్కడ పెట్టినా ఇముడుతుంది, అయితే పాదం చిన్నది. మెత్తటి నేలమీద నిలబెడితే వొరుగుతుంది, తప్పు దానిది కాదు.

రెండోది సీసా జాకీ. నూనె వొత్తిడితో లేస్తుంది. బలం బాగా ఎక్కువ, పిడి పంపు కొట్టినట్టు కొడితే చాలు. జీపులకీ, ఎత్తయిన బండ్లకీ భేషుగ్గా వుంటుంది. కానీ ముడిచినా 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. గాలి పోయి కూలబడ్డ చిన్నకారు కింద దూరదు. జమీందారు లాంటివాడు, గుమ్మం ఎత్తుగా లేకపోతే లోపలికి రాడు.

మూడోది చక్రాల జాకీ. వర్క్‌షాపులో సిమెంటు నేలమీద దానికి ఎదురులేదు. బరువెక్కువ, రోడ్డు పక్క మట్టిలో దాని చక్రాలు దొర్లవు. ఇంటి దగ్గర వుంచుకోవలసిన మనిషే కానీ ప్రయాణంలో తోడు తీసుకెళ్లే మనిషి కాదు.

ఎంచుకునేటప్పుడు చూడవలసినవి మూడు. బండి బరువుకి తగిన బలం: ఒక మూలే లేపుతాం కాబట్టి చిన్నకారుకి టన్ను జాకీ చాలు, పెద్ద బండికి రెండు టన్నులది మంచిది. రెండోది ముడిచినప్పటి ఎత్తు: టైరు పూర్తిగా అణిగిపోయినప్పుడు కిందికి దూరాలి. మూడోది విప్పినప్పటి ఎత్తు: నిండా గాలి వున్న స్టెప్నీ ఎక్కేంత లేవాలి. కొట్టులో అడిగితే ఎవరూ ఇవి చెప్పరు. ఎర్రది కావాలా, నల్లది కావాలా అని అడుగుతారు, రవిక గుడ్డ అడిగినట్టు!

కొన్నాక దాచడం ఇంకో విద్య. నేను పాత బండి కొన్న రోజే వాకిట్లో డిక్కీ మొత్తం ఖాళీ చేశాను. జాకీ వుంది, తిప్పే పిడి లేదు. వీణ వుండి తీగెలు లేనట్టు! మర్నాడే తెచ్చుకున్నాను. జాకీ, పిడి, పానా మూడూ ఒకే గుడ్డసంచిలో కట్టి స్టెప్నీ దగ్గర వుంచాలి. కట్టకపోతే ప్రతి గుంటలో గోల చేస్తుంది, గట్టిగా బ్రేకు వేస్తే ఎగిరి మీదికొస్తుంది. కత్తెర జాకీ మరకి ఏడాదికోసారి మట్టి తుడిచి గ్రీజు రాయాలి. సీసా జాకీని పూర్తిగా దించి, నూనె మర బిగించి, నిలువుగానే వుంచాలి. పడుకోబెడితే నూనె కారుతుంది, లోపలికి గాలి దూరుతుంది, అవసరానికి పంపు కొట్టినా లేవదు. స్టెప్నీలో గాలి కూడా అప్పుడప్పుడు చూపించుకోవాలి. గాలి లేని స్టెప్నీ, గింజలు లేని గాదె ఒకటే. ఇక జాకీ మీద వున్న బండి కిందికి ఎవరూ, ఎంత తొందర వున్నా, దూరకూడదు. జాకీ బండిని లేపడానికే గాని మోయడానికి కాదు.

అన్నట్టు, స్టెప్నీ అన్నది మన మాటే అనుకునేంతగా మనదైపోయింది. అది వేల్స్‌లో లానెల్లీ అనే వూళ్లో ఒక వీధి పేరు. 1904లో అక్కడ డేవిస్ సోదరులు అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. అప్పటికి కార్లకి అదనపు చక్రమే ఇచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు కాలచక్రం తిరిగి అక్కడికే వచ్చేట్టుంది. ట్యూబులేని టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, రిపేరు సామాను వుంటే స్టెప్నీ ఇవ్వనక్కర్లేదని 2020లో కేంద్రం నిబంధన సవరించింది. మేకు దిగితే ఆ సామాను చాలు. టైరు పక్కగోడ చీలితే ఏ జిగురూ పనికిరాదు. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమల దారిలో అలా జరిగితే? రహదారి సాయం నంబరు 1033 వుంది, మంచిదే. ఫోను పలికే చోట టైరు పోవాలని మనం టైరుకి చెప్పలేం కదా. కొత్త కారు కొనేవాళ్లు రంగుతోపాటు డిక్కీ అడుగున ఏముందో కూడా అడగండి.

నా తోటి రచయిత్రులకి ఒక మనవి. పంక్చరు సన్నివేశం మానెయ్యమని నేననను. అది మన సాహిత్యానికి చాలా సంబంధాలు కుదిర్చింది. నాయకుణ్ణీ రానివ్వండి, వాన కూడా పడనివ్వండి. కానీ అతను వచ్చేసరికి ఆమె చేతులకి గ్రీజు అంటుకుని వుండాలి. అతను ఆ త్రికోణం పట్టుకెళ్లి వెనక పెట్టిరావాలి. అప్పుడు ఇద్దరూ మాట్లాడుకునే నాలుగు మాటలూ అవసరానికి కాక, ఇష్టానికి మాట్లాడుకున్నవి అవుతాయి. ఆ ప్రేమకథ నేను తప్పకుండా చదువుతాను.

పాఠకురాళ్లకి మాత్రం మనవి కాదు, ఆజ్ఞ. ఈ ఆదివారం, ఎండెక్కకముందు, ఇంటిముందు చదునైన నేలమీద బండి ఆపి డిక్కీ తెరవండి. పిడి వుందో లేదో చూడండి. ఒకసారి చక్రం విప్పి మళ్లీ బిగించండి. ఆయనగారు “ఎందుకిప్పుడు?” అంటే, రాళ్లు తెచ్చి ముందు చక్రానికి అడ్డం పెట్టమనండి.