పక్కిల్లంటే ఎవరి పక్కిల్లు?

రిలేటివ్ పాత్ సగం చిరునామా. ‘ఒక ఫోల్డర్ పైకి వెళ్లి, అక్కడున్న లాగ్స్‌లో చూడు’ అంటుంది గానీ, ఎక్కడి నుంచి పైకి వెళ్లాలో చెప్పదు. కాన్ఫిగరేషన్ ఫైలు ఒక్కటే అయితే పెద్ద చిక్కు లేదు. ఒక ఫైలు ఇంకోదాన్ని, అది మరోదాన్ని కలుపుకుంటూ పోతే మాత్రం మూడు జవాబులు తయారవుతాయి: ప్రోగ్రామును నడిపిన ఫోల్డర్, మొదటి ఫైలున్న ఫోల్డర్, ఆ మాట రాసి ఉన్న ఫైలు తాలూకు ఫోల్డర్.

గ్నూ మేక్ ఇన్‌క్లూడ్ ఫైళ్లను ముందుగా నడిపిన ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. అంటే నడిపే చోటును బట్టి ఫైలు అర్థం మారిపోతుంది. ఎన్జిన్ఎక్స్ ఇన్‌క్లూడ్‌లకు లెక్క ఎప్పుడూ ప్రధాన ఫైలున్న చోటు నుంచే. పిప్‌లో అయితే ఒకే ఫైలులో రెండు పద్ధతులు: ఇంకో రిక్వైర్‌మెంట్స్ ఫైలు పేరును ఆ ఫైలున్న చోటు నుంచి, లోకల్ ప్యాకేజీ పాత్‌ను నడిపిన చోటు నుంచి చూస్తుంది. గిట్ 2012లో, 1.7.10తో ఇన్‌క్లూడ్ తెచ్చినప్పుడే సరైన దారి పట్టింది. పాత్ ఏ ఫైలులో ఉంటే ఆ ఫైలు నుంచే లెక్క.

ఊరి నుంచి వచ్చిన ఉత్తరంలో ‘పక్కింట్లో పెళ్లి’ అని ఉంటే, హైదరాబాద్‌లో చదివేవాళ్లు తమ పక్కింటివైపు చూడరు. అది రాసినవాళ్ల పక్కిల్లు. అయితే అదే ఉత్తరంతో అరిసెలు పంపి ‘పక్కింటివాళ్లకూ పెట్టండి’ అంటే, అది చదివేవాళ్ల పక్కిల్లు.

టైప్‌స్క్రిప్ట్‌కు ఎదురైంది ఈ రెండో వాక్యమే. టైప్‌స్క్రిప్ట్‌లో పాత్ దాన్ని రాసిన ఫైలుకే చెందుతుంది. పలు ప్రాజెక్టులు పంచుకునే మూల ఫైలులో అవుట్‌పుట్ ఫోల్డర్ రాస్తే, తయారైన కోడ్ ప్రాజెక్టులోకి కాక ఆ మూల ఫైలు పక్కకు పోయేది. 2024లో, 5.5తో వచ్చిన ‘కాన్ఫిగ్‌డిర్’ గుర్తుతో ‘వాడుకునే ప్రాజెక్టు ఫోల్డర్’ అని విప్పి చెప్పే వీలు కలిగింది. కాబట్టి ‘రాసిన ఫైలు నుంచి’ అన్నది మంచి డిఫాల్టే గానీ, ఏకైక నియమంగా చాలదు.

ఏ పద్ధతైనా, సెట్టింగులను కలపకముందే, ఫైలు చదివేటప్పుడే పాత్‌ను పూర్తి చిరునామాగా మార్చాలి. కలిపేశాక ఏ మాట ఎక్కడిదో తెలియదు. ఉదాహరణకు, డాకర్ కంపోజ్‌లో పలు ఫైళ్లను ఒకదానిపై ఒకటి పేర్చితే పాత్‌లన్నీ మొదటి ఫైలు నుంచే లెక్క. 2023లో వచ్చిన ఇన్‌క్లూడ్‌తో కలుపుకున్న ఫైలుకు తన ఫోల్డర్ తనకు దక్కింది. ఫైలు దొరకనప్పుడు వచ్చే ఎర్రర్‌లో వెతికిన పూర్తి పాత్, ఆ మాట ఉన్న ఫైలు పేరు, లైన్ నంబరు మూడూ కనిపించాలి.