తెర మీద తిరిగే బుడితి చెంబు

పొద్దున్నే శ్రీకాకుళం జిల్లా భావనపాడు ఒడ్డున ఇసుక మీదికి లాగిపెట్టిన బోట్లను చూస్తే, సముద్రం వైపున్న పక్క ఎండకు మెరుస్తుంటుంది, ఊరి వైపున్నది నీడలో ఉంటుంది. బోటు వంపు కంటికి తెలిసేది ఆ వెలుగునీడల వల్లే. కంప్యూటర్‌లో ఘనాకారాన్ని తిప్పి చూపించే ప్రోగ్రాంకూ అదే ఆధారం.

ఈ విద్య మీద మోజుపడ్డ కుర్రకారు చాలామంది ముందు గేమ్ ఇంజిన్ డౌన్‌లోడ్ చేస్తారు. డేటా అయిపోతుంది, బొమ్మా తిరుగుతుంది, ఎలా తిరిగిందో మాత్రం అంతుపట్టదు. లైబ్రరీల అవసరం లేకుండా చిన్న ప్రోగ్రాంతో మొదలుపెట్టడమే మేలు. 2006లో ఆండీ స్లోన్ రాసిన డోనట్ ప్రోగ్రాం కీబోర్డు మీది 12 గుర్తులతోనే వెలుగునీడలు చూపిస్తూ చిల్లుగారె ఆకారాన్ని గిరగిరా తిప్పింది.

దీనికి కావలసిన లెక్క ఇంటర్ గణితంలోనే ఉంది. ముందు ఘనాన్నే తీసుకుందాం. దానికి 8 మూలలు, 6 ముఖాలు. సైన్, కాస్ విలువలతో మూలలను తిప్పాలి. ప్రతి ముఖానికీ లంబంగా బయటికి చూసే ఒక ప్రమాణ సదిశ, దీపం వైపు చూసే మరొకటి తీసుకుని, రెండింటి బిందు లబ్ధం కట్టాలి. 1 వస్తే నిండు వెలుగు. మధ్య కోణం 60 డిగ్రీలైతే సగం. సున్నా గానీ రుణ సంఖ్య గానీ వస్తే ఆ ముఖం చీకటే. 1760లో లాంబర్ట్ చెప్పిన కొసైన్ సూత్రం ఇదే. ఎంత ముచ్చటైన లెక్క!

మనకు వీపు చూపే ముఖాలను గీయకుండా వదిలేస్తే ఘనానికి సరిపోతుంది. చిల్లుగారెకు అది చాలదు. దాని ముందు భాగమే వెనక భాగాన్ని కప్పేస్తుంది కాబట్టి, ప్రతి చుక్క దగ్గరా ఏది కంటికి దగ్గరో పోల్చి చూడాలి. ఎడ్విన్ కాట్‌మల్ 1974లో తన యూటా యూనివర్సిటీ సిద్ధాంత గ్రంథంలో వివరించిన జెడ్ బఫర్ చేసే పని అదే.

ఆకారాన్ని తిప్పేటప్పుడు ఒక జాగ్రత్త. తిప్పిన మూలలనే మళ్లీ మళ్లీ తిప్పితే దశాంశాల్లో చిన్నచిన్న తేడాలు పేరుకుని ఆకారం చెడుతుంది. అసలు మూలలను అలాగే ఉంచి, ప్రతిసారీ మొత్తం కోణంతో వాటినే తిప్పాలి.

అదే యూటాలో 1975లో మార్టిన్ న్యూవెల్ తన ఇంటి టీపాట్‌ను చూసి గీసుకుని కంప్యూటర్‌కెక్కించాడు. ప్రపంచమంతా నేటికీ దాన్నే గీస్తోంది. మనకైతే శ్రీకాకుళం జిల్లాలోనే ఇత్తడి, కంచు సామానుకు పేరుపడ్డ బుడితి ఉంది. అక్కడి చెంబును పక్క నుంచి చూస్తే కనిపించే అంచు గీతను ఒక్కసారి కొలిచి అక్షం చుట్టూ తిప్పితే చాలు, చెంబంతా తయారవుతుంది. కంప్యూటర్ ల్యాబుల్లో పాఠం చెప్పే మాస్టార్లు ఈ ఏడాది పిల్లల చేత ఆ చెంబునే గీయించాలి.