దిగడం, లేవడం

పిలాటిస్ వ్యాయామ పాఠాలు చాలావరకు మనిషి చాప మీద వెల్లకిలా పడుకున్నాక మొదలవుతాయి. పక్షవాతం వచ్చినవాళ్ళకి అసలు పని అంతకు ముందే ఉంది: నిలబడ్డవాళ్ళు నేల మీదకి దిగాలి, అయ్యాక లేవాలి. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయి కొంత కోలుకున్న నాకు, వ్యాయామంలో సగం సేపు దీనికే పోతుంది. గట్టి కుర్చీ పట్టుకుని ముందు ఎడమ మోకాలు ఆనించాలి. లేచేటప్పుడు కుడి పాదం ముందుకేసి దాని మీద బరువు మోపాలి.

మంచం మీద చేసుకుంటే చాలదా అంటారు. మొదట్లో చాలు. కానీ మా అరకు పల్లెల్లో బతుకంతా నేల మీదే. చోళ్ళు చెరిగినా, కాఫీ పళ్ళు ఏరినా, నలుగురూ తిన్నా కిందే. నేల మీద కూర్చోలేని మనిషి అరుగు మీద చుట్టమైపోతుంది. మా పక్కింటి తాతకి పార్కిన్సన్స్. మాత్ర పనిచేసే వేళ చూసుకుని కసరత్తుకి రమ్మంటే, "నేలలోకి దిగడానికి ఇంకా టైముంది టీచరమ్మా" అని నవ్వేస్తాడు.

ఈ వ్యాయామాన్ని రూపొందించిన జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ళు శత్రుదేశస్థుడని ఐల్ ఆఫ్ మాన్ శిబిరంలో పెడితే, తోటి బందీల చేత కసరత్తు చేయించాడు. 1945 నాటి అతని పుస్తకంలో 34 కసరత్తులున్నాయి. మెడ మీద బరువు మోపి కాళ్ళెత్తేవాటి జోలికి నాలాంటివాళ్ళు పోకూడదు.

నాకు పనికొచ్చింది బ్రిడ్జి. మోకాళ్ళు మడిచి, ఊపిరి వదులుతూ తుంటి లేపాలి. ఎడమ పాదం జారిపోతుంది, మోకాలు పక్కకి వాలిపోతుంది. మా కోడలు ఫోను చూసుకుంటూనే తన పాదం నా మడమకి అడ్డం పెడుతుంది. పైకి అంకెలు లెక్కపెట్టమంటుంది. ఊపిరి బిగబడితే బీపీ పెరుగుతుంది. లెక్కపెడుతూ బిగబట్టలేం కదా!

పిలాటిస్‌తో చచ్చుబడ్డ నరం లేచి కూర్చోదు. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్ళతో చేసిన పరీక్షల్లో నిలకడ కొంత మెరుగుపడ్డట్టు కనబడింది. మామూలు ఫిజియోథెరపీని మించిందని మాత్రం తేలలేదు. ఫిజియోథెరపిస్టుకి ఒకసారి చూపించుకుని, ఏది చెయ్యొచ్చో ఏది కూడదో తెలుసుకునే మొదలుపెట్టాలి.

మా చలి సంగతి కూడా చెప్పాలి. డిసెంబరు పొద్దున కండరాలు కొయ్యబారిపోతాయి. తెల్లారగట్లే చెయ్యాలన్న పట్టుదల నాకు లేదు. వాకిట్లోకి ఎండొచ్చాకే చాప పరుస్తాను.