సురభి తెర వెనుక విద్యార్థి: నాటక సమాజంలో క్షేత్రానుభవం - ఒక పరిశీలన

కీలకపదాలు: సురభి, కుటుంబ నాటక సమాజం, క్షేత్రానుభవం, మౌఖిక శిక్షణ, రంగస్థల శ్రమ.

1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో ‘కీచకవధ’ ప్రదర్శనతో ఆరంభమైన సురభి నాటక సంప్రదాయం తెలుగు పరిశోధకులకు చిరపరిచితమే. వనారస గోవిందరావు కృషి, కుటుంబ సమాజాల విస్తరణ, స్త్రీపాత్రలను స్త్రీలే ధరించడం, ‘మాయాబజార్’లోని రంగస్థల తంత్రాలు మొదలైన అంశాలు పలుమార్లు చర్చకు వచ్చాయి. అటువంటి సమాజంతో కొన్ని వారాలు కలిసి పనిచేసే విద్యార్థి ఏమి నేర్చుకుంటాడు, దానిని ఏ రూపంలో నమోదు చేస్తాడు అనే ప్రశ్న మాత్రం అంతగా చర్చకు రాలేదు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ విద్యలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ పాఠ్యప్రణాళికలో భాగమైన తరువాత ఈ ప్రశ్నకు ప్రాధాన్యం పెరిగింది.

సురభి కుటుంబంలో శిక్షణకు వేరే గది లేదు, వేరే వేళ లేదు. బాలకృష్ణుడిగానో ప్రహ్లాదుడిగానో లవకుశులలో ఒకరిగానో రంగం మీదికి వచ్చే పిల్లలు అప్పటికే పెద్దల పద్యాలను తెర వెనుక నుంచి వినివిని ఉంటారు. అక్షరం కన్నా ముందు శ్రుతి చెవిన పడుతుంది. కళాశాల విద్యార్థి వచ్చేది దీనికి ఎదురుదారిలో. అతడు ముందు నాటకాన్ని చదువుతాడు, పాత్ర స్వభావాన్ని విశ్లేషిస్తాడు, ఆ తరువాతే ప్రదర్శన వైపు చూస్తాడు. తెర ఎప్పుడు లేవాలో, హార్మోనియం ఎక్కడ అందుకోవాలో పుస్తకంలో ఉండదు. ప్రదర్శనను నిలబెట్టేవి అవే.

‘మాయాబజార్’లో ఘటోత్కచుని భోజన దృశ్యాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. లడ్డూలు వాటంతట అవే ఎగిరి నోటిలోకి చేరడం ప్రేక్షకునికి అద్భుతం. తెర వెనుక ఉన్నవారికి అది దారం, చేయి, తాళం. దారం లాగే చేతికీ నోరు తెరిచే నటునికీ మధ్య లయ తప్పితే అద్భుతం కాస్తా నవ్వులపాలవుతుంది. కనుక ఆ దృశ్యంలోని అభినయం ఘటోత్కచ పాత్రధారి ఒక్కనిదే కాదు, కనబడని చేతిది కూడా. దారం పట్టుకున్న విద్యార్థికి ఈ విషయం ఒక్క రాత్రిలో తెలుస్తుంది. నాటక విమర్శ మాత్రం నేటికీ నటన, సంగీతం, రంగాలంకరణ అంటూ విడివిడి శీర్షికలతోనే ప్రదర్శనను అంచనా కడుతున్నది. విద్యార్థి నివేదికా అదే మూసలో సాగితే ఎన్ని గంటలు పనిచేశాడో తెలుస్తుంది గాని, చేయి ఏమి నేర్చుకున్నదో తెలియదు. సన్నివేశానికొక పుట కేటాయించి, ఆ సమయంలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఏ సైగతో కదిలారో రాయించడం ఇంతకన్నా మేలు.

అలాగని కుటుంబ శిక్షణను ఆదర్శీకరించవలసిన పనిలేదు. పుట్టుకతో వచ్చే విద్యలో బయటివారికి సహజంగా చోటు ఇరుకు. సంచార జీవితం పిల్లల బడిచదువుకు అడ్డంకి కాగలదన్నదీ కాదనలేని సంగతే. పైగా విద్యార్థికి పని నేర్పే పెద్దల సమయం వారి జీవనోపాధిలోంచి తీసి ఇచ్చినది. అది ఉచిత బోధనగా మిగిలిపోతే ఆ అనుభవానికి సేవ అనే పేరు పొసగదు. ఎవరు ఎవరికి సేవ చేసినట్లు?

బి.వి. కారంత్ సురభి నటులతో చేసిన ప్రయోగాలు ఇక్కడ గుర్తుకు వస్తాయి. ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ నాటకాలలో తరతరాల నటులే తిరిగి అభ్యాసకులయ్యారు. బ్రెహ్ట్ నాటకానికి అనుసరణ అయిన ‘యాదమ్మ’ వారికి అలవాటైన పౌరాణిక లోకానికి ఎంతో దూరం. బయటినుంచి వచ్చినవాడు నేర్చుకోవడమే కాక నేర్పవచ్చునని కూడా ఇది చూపుతున్నది. అయితే కారంత్ అనుభవజ్ఞుడైన దర్శకుడు. డిగ్రీ విద్యార్థి నుంచి అంతటిది ఆశించరాదు. అతడు చేయగల పని వేరు: కుటుంబం అనుమతిస్తే వృద్ధ నటుల పద్యపు వరుసలను రికార్డు చేయడం, చేతిరాత ప్రతులకు నకళ్లు తీయడం, ఏ నాటకంలో ఏ తెర ఎప్పుడు మారుతుందో పట్టిక రాయడం.

ఆ రికార్డింగులు ఎవరివి అన్న విషయం మొదటిరోజే తేలాలి. నివేదిక విభాగం బీరువాకు చేరేలోపు ఒక ప్రతి సమాజానికి అందాలి. మౌఖిక పరీక్షకు ఆ సమాజంలోని పెద్దనటుడో నటీమణో పరీక్షకులుగా కూర్చుంటే, దారం లాగిన రాత్రి గురించి విద్యార్థిని అడగవలసిన ప్రశ్న వారికే బాగా తెలుస్తుంది.