దేహ దిక్కులు, తెలుగు పలుకులు: ఒక విమర్శ

ఏ శాస్త్రమునకైనను పరిభాష కన్ను వంటిది. అందును శరీర నిర్మాణ శాస్త్రమున మాట తప్పినచో చేయి తప్పును. ఎముక విఱిగిన దేచోట, పుండు పుట్టిన దేవైపు, రోగి యెట్లు పరుండవలెను, ఏ కీలు ఎటు మడతపడకున్నది అను ప్రశ్నలన్నియు స్థితి, దిక్కు, చలనము అను మూడింటిలో ఇమిడియున్నవి. వీనిని తెలుపుటకు పాఠ్యగ్రంథములలో పూర్వ, పర, పృష్ఠ, ఉదర, పార్శ్వ, ఆకుంచన, ప్రసారణ మొదలగు సంస్కృత పదములు స్థిరపడినవి. ఇవి విషయము నెంతవఱకు విశదము చేయుచున్నవి, ఇంటి తెలుగు మాటలు వీని కెట్లు తోడ్పడగలవు అనునది ఇచ్చట పరిశీలనీయాంశము.

ఈ ప్రశ్న సరిహద్దు తెలుగువారికి మఱింత ముఖ్యమైనది. నాగరగెరె, బాగేపల్లి, చింతామణి ప్రాంతములు 2007లో కోలారు నుండి విడివడిన చిక్కబళ్ళాపుర జిల్లాలోనివి. కైవారము నారాయణ తాతయ్య తెలుగునను కన్నడమునను తత్త్వములు చెప్పిన నేల ఇది. ఇంట తెలుగు, బడిలో కన్నడము అయిన పిల్లలు ఇచ్చట పెక్కుమంది. 'ఉదర', 'పార్శ్వ' వంటి పదములు రెండు భాషలకును ఉమ్మడి సొత్తు గనుక ఒక భాషలో నేర్చినది రెండవదానిలో అక్కఱకు వచ్చుట మేలే. కాని ఆ పదము ఇంటి మాటతో ముడివడనిచో పిల్లవానికి రెండు భాషలలోను సమానముగ తెలియకుండును.

'పూర్వ' శబ్దమునే పరిశీలింపవచ్చును. సంస్కృతమున దిక్కుల పేళ్ళు తూర్పునకు ముఖము చేసి నిలిచిన మనుష్యుని దేహముతో ముడివడినవి. ఎదుటిది పూర్వము, వెనుకటిది పశ్చిమము, కుడివైపుది దక్షిణము. పశ్చిమోత్తానాసనము పడమటి యాసనము కాదు; దేహపు వెనుకవైపును సాగదీయునది. కోలారు జిల్లా బెళ్ళూరున 1918లో జన్మించిన బి.కె.ఎస్. అయ్యంగారు 1966లో వెలువరించిన 'లైట్ ఆన్ యోగ' గ్రంథమున ఈ యర్థమునే వివరించెను. తెలుగు పిల్లవానికి మాత్రము పూర్వమనగా గడచిన కాలము. కాలము, ఆకాశపు దిక్కు, దేహపు వైపు ఒక్క మాటలో చేరగా వాని మనస్సున మూడవది నిలుచుట కష్టము.

చిక్కు ఇంతటితో తీరదు. కప్పను గూర్చిన పాఠమున పూర్వభాగ మనగా తలకొస; మనుష్యుని గూర్చిన పాఠమున పూర్వభాగ మనగా ఱొమ్మును పొట్టయు నున్న ముందువైపు. కప్ప ముందుకాళ్ళు పూర్వాంగములు, వెనుకకాళ్ళు చరమాంగములు. ఈ దోషము సంస్కృతము తెచ్చినది కాదు, పాశ్చాత్య పరిభాషలోనే యున్నది. 1895లో బాసెల్ నగరమున శరీర శాస్త్రజ్ఞులు కూడి, పర్యాయపదముల రాశిని తగ్గించి లాటిన్ పేళ్ళ పట్టిక నొకదాని నంగీకరించిరి. 1955లో పారిస్ పట్టికయు, 1998లో మఱియొక పట్టికయు వెలువడినవి. అయినను నాలుగు కాళ్ళ జంతువునకు ఒక లెక్క, నిలువున నడచు మనుష్యునికి వేఱొక లెక్క తప్పలేదు. తలవైపు, తోకవైపు, పొట్టవైపు, వీపువైపు అను మాటలతో పాఠము మొదలిడినచో ఇద్దఱికి నొకటే కొలత. మనుష్యునికి తోక లేకున్నను వెన్ను చివర తోకయెముక యున్నది.

ఇంటి మాటలు విడివిడి పలుకులే కాని వ్యవస్థ గలవి కావని కొందఱి యభిప్రాయము. ఇది నిలువదు. పెడతల, పెడచేయి అనుచోట 'పెడ' వెనుకవైపును తెలుపును. ముంజేయి, మునిపన్ను, మునివ్రేళ్ళు అనుచోట 'ముం', 'ముని' అనునవి ముందు భాగమును, కొనను తెలుపును. అరచేయి, అరికాలు లోతట్టును చెప్పును. మోచేయి, మోకాలు మడతపడు కీలును చెప్పును. పాదము పైభాగమును లాటిన్ పరిభాష పాదపు 'వీపు' అని పిలువగా తెలుగు 'మీగాలు' అని యూరకున్నది. మీద నున్న కాలుభాగము మీగాలు, అంతకంటె వివరణ మక్కఱలేదు. కొద్దిపాటి తొలి పలుకులతో దేహమంతటికి దిక్కు లేర్పఱచుట వ్యవస్థ కాక మఱేమి?

కన్నడమునను ఇట్టి పొందికయే కలదు. అరచేయి అంగై, అరికాలు అంగాలు, మోచేయి మొణకై, మోకాలు మొణకాలు. ముంగాలునకు జోడుగా హింగాలు, మడమకు హిమ్మడి. మఠము వేసికొని కూర్చుండుటను రాయలసీమలో సక్కలముక్కల మనగా కన్నడమున చక్కళమక్కళ మందురు. కావున సరిహద్దు పిల్లవానికి ఇంటి తెలుగు బడి కన్నడమునకు అడ్డు కాదు, మెట్టు.

చలనముల విషయమున సంస్కృత పదములకు న్యాయము చేయవలెను. కణాదుని వైశేషిక దర్శనము కర్మమును ఉత్క్షేపణము, అవక్షేపణము, ఆకుంచనము, ప్రసారణము, గమనము అని యైదుగా విభజించినది. ఆకుంచన ప్రసారణములు నిన్న మొన్న కల్పించినవి కావు. కీలు ఏదైనను చలన మొకటే యని చెప్పుటకు శాస్త్రమునకు అట్టి సామాన్యనామము కావలెను. తెలుగు క్రియల గుణము వేఱు: పిడికిలి ముడుతురు, మోచేయి మడతురు, నడుము వంతురు, కాలు చాతురు, మునివ్రేళ్ళపై నిక్కుదురు. ఏ యంగమునకు ఆ క్రియ. రోగికి చెప్పవలసిన మాట ఇది. పుస్తకమున వ్రాయవలసిన పేరు అది. ఆంగ్లమున అంగమును నడుగీటు నుండి తొలగించుట అబ్డక్షన్, చేర్చుట అడ్డక్షన్. రెండును ఒకేరీతి వినబడుటచే బోధించువారు అక్షరములు విడదీసి పలుకుట కలదు. ఎడముచేయుట, చేర్చుట అనినచో ఆ శ్రమ లేదు.

స్థితిని తెలుపు మాటల విలువ ప్రాణముతో ముడివడినది. వెల్లకిల, బోర్ల, ఒత్తిగిల అను మూడు మాటలతో పరుండు విధములన్నియు తీరును. లాటిన్ పరిభాషవలె తెలుగునను ఇవి దేహమునకును చేతికిని చెల్లును; అరచేయి మీదికైనచో వెల్లకిల, క్రిందికైనచో బోర్ల. గిన్నెను బోర్లించుటయు ఈ కుటుంబములోనిదే. 1994లో అమెరికాలో శిశువులను వెల్లకిలగా నిద్రపుచ్చవలెనని ప్రచారము సాగగా నిద్రలో హఠాత్తుగా సంభవించు శిశుమరణములు గణనీయముగ తగ్గినవి. 2021 ఏప్రిలులో కోవిడ్ ఉధృతి వేళ కేంద్ర ఆరోగ్యశాఖ, ఇంటనుండి ఊపిరి తగ్గిన పెద్దలు బోర్ల పరుండు విధమును గూర్చి సూచన లిచ్చినది. శిశువునకు వెల్లకిల, ఆ రోగికి బోర్ల. బిడ్డ తొలిసారి బోర్లపడినప్పుడు బొబ్బట్లు పంచు ఇండ్లలో ఈ మాటలకు అర్థము చెప్పవలసిన పని లేదు. వీనిని మొఱటు మాటలని విడిచి అరుదైన పదమును చెప్పు వైద్యుని మాట, వినవలసినవానికి చేరదు.

కుడియెడమల విషయమున రైతు శరీర శాస్త్రజ్ఞునకు తీసిపోడు. చిత్రపటమున మన యెడమవైపు కనబడు చేయి ఆ మనుష్యుని కుడిచేయి. కుడియెడమలు చూచువానివి కావు, దేహము గలవానివి. ఇది శాస్త్రమున తొలి పాఠము. కాడి కట్టిన ఎద్దులలో దాపటిది ఎడమది, వలపటిది కుడిది. రైతు వాని కెదురుగ వచ్చి నిలిచినను దాపటి ఎద్దు దాపటిదే. ఈ యొక్క పోలికతో పాఠము ముగియును.

అయినను ఇంటి మాటలకు లోట్లు లేకపోలేదు. 'లోపలివైపు' అనినచో నడుగీటునకు దగ్గఱయా, చర్మమునకు అడుగునా తెలియదు. పరుండిన రోగి 'మోకాటికి పైన' అనినచో తొడవైపా, ఇంటికప్పువైపా అను సందేహము కలుగును. నిలువుగ నిలిచి, ముఖము ముందునకు, అరచేతులు ముందునకు త్రిప్పిన స్థితిని ప్రమాణముగ శాస్త్ర మేర్పఱచుకొనినది ఇందులకే. ఆ కట్టుబాటును తెలుగు మాటలకు కూడ విధింపవలెను. నడిమివైపు, లోతు అని వేఱుచేసినచో మొదటి సందేహము తీరును. సమీపస్థ, దూరస్థ అనినచో దేనికి సమీప మను ప్రశ్న మిగులును. చెట్టు కొమ్మకువలె చేతికిని 'మొదలు', 'కొన' అనినచో ఆ ప్రశ్నయే పుట్టదు.

కావున ఒకదానిని త్రోసి రెండవదానిని నిలుపుట కర్తవ్యము కాదు. క్రమము మార్చుట కర్తవ్యము. మొదట పెడతల, పిదప పృష్ఠము. మొదట మడచుట, పిదప ఆకుంచనము. పై తరగతులకు పోవు విద్యార్థికి సంస్కృత పదమును, ఆంగ్ల పదమును తప్పక కావలెను. కాని పునాది పిల్లవాడు నడక నేర్చిన నాడే ఇంట పడినది. సరిహద్దు పల్లెలలో ఒత్తిగిల, మీగాలు, దాపల అను మాటలు ముసలివారితో పోవక ముందే వానిని పాఠములోనికి తెచ్చినచో, ఆసుపత్రిలో నొప్పి యెక్కడ నని యడిగినప్పుడు ఆ పిల్లవాడు వ్రేలితో చూపి యూరకుండక, నోటితో చెప్పగలడు.