వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు

“అణువుల కదలికే వేడి” – మీరు వల్లె వేసే ఈ పాఠ్యపుస్తక వాక్యం సగమే నిజం. సాక్చిలో, 1912లో టాటా కర్మాగారం తొలి ఉక్కు తీసిన చోట, కరిగిన లోహం నుంచి ఎగిరే నిప్పురవ్వనే తీసుకోండి. వెయ్యి డిగ్రీలు దాటినా చేతిపై చురుక్కుమని ఆరిపోతుంది. బకెట్టెడు మరిగే నీరు 100 డిగ్రీలే; కానీ ఒళ్ళంతా బొబ్బలెక్కిస్తుంది. ఎందుకని? ఉష్ణోగ్రత తెలిపేది కణాల సగటు గతిజశక్తిని. రవ్వలో కణాలు తక్కువ, కనుక అది ఇవ్వగల శక్తీ తక్కువే.

మరో చిక్కు: శుద్ధమైన ఇనుము 1538 డిగ్రీల వద్ద కరిగేటప్పుడు వేడి అందుతూనే ఉన్నా ఉష్ణోగ్రత పెరగదు. ఆ శక్తి పరమాణువుల పట్టు సడలించడానికే ఖర్చవుతుంది. ఉష్ణోగ్రతల తేడా వల్ల ప్రవహించే శక్తే వేడి. ఈ ఒక్క మాట చేర్చితే పాఠం సరిపోతుంది.