బోర్డో గ్రాండ్ థియేటర్: మెట్లకూ రంగస్థలానికీ మధ్య

నాటకశాల చరిత్ర అనగానే వాస్తుశిల్పి పేరు, ప్రారంభ తేదీ, స్తంభాల సంఖ్య చెప్పి ముగించడం పరిపాటి. కాని ఆ భవనానికి డబ్బు ఎక్కడిది, అందులో ఎవరు ఎవరిని చూశారు అన్న ప్రశ్నలు వేయకపోతే ఆ చరిత్ర అసంపూర్ణమే. ఫ్రాన్స్ నైరుతి భాగంలోని రేవు నగరం బోర్డోలో ఉన్న గ్రాండ్ థియేటర్‌ను ఈ దృష్టితో పరిశీలిద్దాం.

నగరంలోని పాత నాటకశాల 1755లో అగ్నికి ఆహుతైంది. ఆ ప్రాంత గవర్నరైన రిషెల్యూ ప్రభువు ప్రోద్బలంతో విక్టర్ లూయీ కొత్త భవనానికి రూపకల్పన చేశాడు. 1780 ఏప్రిల్ 7న అది ప్రారంభమైంది. ముఖభాగంలో 12 కొరింథియన్ స్తంభాలు, వాటిపైన 12 విగ్రహాలు ఉన్నాయి. వాటిలో తొమ్మిది కళాదేవతలవి, మూడు జూనో, వీనస్, మినర్వా దేవతలవి. అయితే ఆనాటి బోర్డో సంపద ద్రాక్షసారా వ్యాపారం నుంచే కాక, కరీబియన్ దీవుల చక్కెర, కాఫీల నుంచీ, బానిసల రవాణా నుంచీ వచ్చింది. ఆ శ్రమకు ఈ ముఖభాగంలో చోటు లేదు.

లూయీ ప్రతిభ లోపలి మెట్లలో కనిపిస్తుంది. నేరుగా పైకి సాగి, కుడి ఎడమలకు చీలే ఈ మెట్లు ప్రేక్షకులనే ప్రదర్శనగా మార్చాయి. నాటకం మొదలుకాక ముందే సంపన్నులు ఒకరికొకరు కనబడే వేదిక ఇది. పారిస్ ఒపేరా మెట్లకు గార్నియే దీని నుంచే స్ఫూర్తి పొందాడు.

రంగస్థలం మాత్రం ఎప్పుడూ మెట్ల మాటే వినలేదు. 1789 జులై 1న, బాస్తీయ్ కోట పతనానికి రెండు వారాల ముందు, డోబర్వాల్ రూపొందించిన ‘లా ఫీయ్ మాల్ గార్దే’ బ్యాలే ఇక్కడే తొలిసారి ప్రదర్శితమైంది. అందులో దేవతలూ రాజులూ లేరు. తల్లి కుదిర్చిన డబ్బున్న సంబంధాన్ని కాదని తాను వలచినవాణ్ణి చేసుకునే పల్లెపిల్ల కథ అది. దీన్ని విప్లవ రచన అనడం అతిశయోక్తి. చివరకు తల్లి ఒప్పుకోవడంతో సుఖాంతమయ్యే హాస్యకథ ఇది. అయినా సామాన్యుల ఇష్టాయిష్టాలు బ్యాలేకు వస్తువు కాగలవని అది నిరూపించింది.

1871లో ఈ భవనం మరో పాత్ర పోషించింది. ప్రష్యా చేతిలో ఓడిన ఫ్రాన్స్ జాతీయసభ ఇక్కడే సమావేశమై, మార్చి 1న ఆల్సాస్‌నూ లొరేన్‌లో కొంత భాగాన్నీ వదులుకునే షరతులను ఆమోదించింది. సభ్యుడిగా ఉన్న విక్టర్ హ్యూగో అదే నెల రాజీనామా చేశాడు.

కాబట్టి ఈ నాటకశాలను కేవలం సుందర కట్టడంగా మెచ్చుకోవడమూ, సంపన్నుల ఆడంబరంగా తోసిపుచ్చడమూ రెండూ ఏకపక్షాలే. భవనం దాన్ని కట్టించినవారి అభిరుచిని చెబుతుంది. రంగస్థలం ఆ అభిరుచిని దాటి మాట్లాడగలుగుతుంది. ఏ నాటకశాల చరిత్రను చదివినా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటమే సరైన విమర్శ.